బరువు ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదా? ముందు మీ సాయంత్రాన్ని సరిచేయండి

ప్రశ్న: మేడం, మాది శ్రీకాకుళం. నాకు 38 ఏళ్ళు. అరసవల్లి వైపు వెళ్ళే రోడ్డులో మాకు టిఫిన్ కొట్టు ఉంది. వైజాగ్‌లో బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని ఆరు వారాలు అయింది, 121 కిలోల నుంచి 107కి వచ్చాను. బాధల్లా నిద్రే. రాత్రి పదకొండుకి పడుకుంటే రెండున్నరకల్లా మెలకువ వచ్చేస్తోంది, కొన్నిసార్లు చెమటలు పట్టి ఉంటున్నాయి. పగలు మాత్రం కూర్చున్నచోటే తూగుతున్నాను, మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటున్నాను. పడుకుంటే గొంతులోకి పుల్లగా వస్తోంది. ఆపరేషన్‌కి ముందు గురకకి మాస్క్‌తో గాలి పంపే మెషిన్ ఇచ్చారు, బరువు తగ్గాను కదా అని ఇప్పుడు పక్కన పెట్టేశాను. ఆ గాలికి కడుపులో కుట్లు విడిపోతాయని మా తోటికోడలు కూడా అంది. షుగర్ మాత్ర, బీపీ మాత్ర వాడుతున్నాను. మందుల షాపులో నిద్రమాత్ర ఇచ్చారు, వేసుకోమంటారా? కొట్టుకి ఎప్పటి నుంచి వెళ్ళొచ్చు? రథసప్తమికి రాత్రంతా కొట్టు తెరిచే ఉంచుతాం, నేను నిలబడగలనా?

సమాధానం: అమ్మా, ముందు ఆ నిద్రమాత్ర వేసుకోకండి. గురకకి మెషిన్ ఇచ్చారంటే నిద్రలో మీకు ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోతోందని పరీక్షలో తేలిందన్న మాట. అలాంటివాళ్ళు మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే అల్ప్రాజొలం లాంటి మాత్ర వేసుకుంటే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, ఊపిరి ఆగినప్పుడు మనిషిని లేపాల్సిన మెదడు ఆలస్యంగా లేపుతుంది. మెషిన్ పక్కన పెట్టి పైగా ఆ మాత్ర వేసుకోవడం అంటే రెండు వైపుల నుంచీ ప్రమాదం తెచ్చుకోవడమే.

రెండో సంగతి ఇంకా తొందరది. రెండున్నరకి చెమటలతో మెలకువ వస్తోందన్నారు, షుగర్ మాత్ర వాడుతున్నానన్నారు, కానీ ఆపరేషన్ తర్వాత ఆ మాత్ర మోతాదు తగ్గించారో లేదో రాయలేదు. మీరిప్పుడు తినేది ఇదివరకటి తిండిలో పిసరంత. ఈ ఆపరేషన్ తర్వాత బరువు బాగా తగ్గకముందే షుగర్ తగ్గిపోవడం మామూలు. పాత మోతాదు అలాగే వేసుకుంటే అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. మీ మాత్ర అట్ట మీద గ్లైమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ అని ఏదైనా ఉందేమో ఈరోజే చూడండి, లేదా ఇన్సులిన్ తీసుకుంటున్నారేమో. ఉంటే రేపటిదాకా ఆగకుండా మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, మోతాదు ఏం చేయాలో అడగండి. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే మెలకువ వచ్చిన వెంటనే వేలికి సూది గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి కొద్ది నీళ్ళలో కలుపుకుని గుక్కలుగా తాగండి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. షుగర్ బాగానే ఉండి చెమటలు మాత్రం పడుతుంటే ఊపిరి ఆగడం వల్ల కూడా కావచ్చు, అందుకే ఆ అంకె రాసి పెట్టుకోవడం ముఖ్యం. బీపీ మాత్రకీ ఇదే మాట వర్తిస్తుంది. మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతుంటే బీపీ చూపించుకోండి, ఆ మోతాదూ ఎక్కువై ఉండొచ్చు.

ఇక అసలు నిద్ర దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు ఒకటి అనిపించింది. టిఫిన్ కొట్టు నడిపేవాళ్ళు రెండున్నరకో మూడుకో లేస్తారు కదా, మీరూ ఏళ్ళ తరబడి అలాగే లేచి ఉంటారు. చట్నీలు, సాంబారు, ఐదున్నరకల్లా మొదటి వాయి ఇడ్లీ దిగాలి. ఆపరేషన్ అయి ఆరు వారాలుగా కొట్టుకి వెళ్ళకపోయినా మీ ఒంట్లోని గడియారం మాత్రం రోజూ ఆ వేళకి షట్టర్ తీస్తూనే ఉంది. కాబట్టి చెమట సంగతి, గురక సంగతి తేల్చుకున్నాక కూడా ఆ వేళకి మెలకువ వస్తుంటే దాన్ని జబ్బు అనుకోకండి, టెన్షన్ పడకండి. చిక్కు మీ ఉదయంలో లేదు, సాయంత్రంలో ఉంది. మూడింటికి లేచే ఒళ్ళు ఎనిమిదికల్లా పడుకోవాలి, మీరు పదకొండుకి పడుకుంటున్నారు. ఆ మిగిలింది మధ్యాహ్నం మూడు గంటలు పడుకుని తీర్చుకుంటున్నారు, దాంతో రాత్రి నిద్ర ఇంకా పలచబడుతోంది.

మొత్తం కలిపితే ఆరేడు గంటలు పడుకుంటున్నాను కదా, అది చాలదా అంటారేమో. ముక్కలుగా వచ్చే నిద్ర, ఒకేసారి వచ్చే నిద్ర ఒకటి కాదు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో వస్తుంది, కలలు వచ్చే నిద్ర చివరి సగంలో ఎక్కువ, మధ్యలో తెగ్గొడితే రెండోది పూర్తిగా అందదు. పైగా ఆపరేషన్, మత్తుమందు, నొప్పి మాత్రలు ఇవన్నీ మొదటి రోజుల్లో నిద్ర తీరునే చెడగొడతాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు విపరీతంగా కలలు రావడం, ఉలిక్కిపడి లేవడం చాలామందికి ఉంటుంది, అది దానంతట అదే సర్దుకుంటుంది.

మీలాంటివాళ్ళకి నిద్ర ఎందుకు ఇంత ముఖ్యమో చెప్తాను. 2010లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక చిన్న పరిశోధన చేశారు. బరువు ఎక్కువున్న 10 మందికి కొలిచిన తక్కువ తిండి పెట్టి, రెండు వారాలు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు మంచం మీద ఉండనిచ్చారు. రెండుసార్లూ దాదాపు ఒకే బరువు తగ్గారు, కానీ నిద్ర తక్కువైనప్పుడు కరిగిన కొవ్వు సగానికి పైగా తగ్గిపోయింది, దానికి బదులు కండ పోయింది. వాళ్ళు ఆపరేషన్ అయినవాళ్ళు కాదు, నిజమే. కానీ మీరిప్పుడు ఉన్నది అంతకంటే తక్కువ తిండి మీద. 14 కిలోలు తగ్గారు, సంతోషం, అందులో కండ ఎంత పోయిందో తూకం రాయి చెప్పదు. మెట్లెక్కితే తొడలు వణకడం, పిండి గిన్నె ఎత్తలేకపోవడం చెప్తాయి.

ఆకలి సంగతి కూడా ఉంది. స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది. అందుకే ఇప్పుడు మీకు ఆకలి అంతగా తెలియడం లేదు. ఈ వరం ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకోకూడదు, ఏడాది దాటాక చాలామందికి ఆకలి మళ్ళీ మెల్లగా మొదలవుతుంది. ఆ లోపే నిద్ర వేళ, తిండి వేళ ఒంటికి అలవాటు చేసేయాలి, తర్వాత చేద్దామంటే చాలా కష్టం.

ఇప్పుడు ఏం చేయాలంటే, లేచే వేళని ముందు ఖాయం చేసుకోండి. నా మాట వింటే మూడున్నర లేదా నాలుగు. రెండున్నరకి లేవాల్సిన పని మీ ఆయనకో, పనివాళ్ళకో అప్పగించండి. ఆదివారమైనా, కొట్టు మూసిన రోజైనా అదే వేళ. పడుకునే వేళని పదకొండు నుంచి ఒక్కసారిగా ఎనిమిదికి లాగితే నిద్ర రాదు, మంచం మీద దొర్లి దొర్లి విసుగొస్తుంది. రెండు మూడు రోజులకోసారి పావుగంట, ఇరవై నిమిషాలు ముందుకి జరుపుతూ వచ్చి ఎనిమిదిన్నర దగ్గర ఆపండి. పడుకున్న ఇరవై నిమిషాలకీ నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో ఊరికే కూర్చుని, తూగు వచ్చాక మళ్ళీ పడుకోండి, ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు. తెల్లారాక ఆరున్నర ఏడు మధ్య కాసేపు ఎండ మొహాన పడేలా బయట నిలబడండి. రాత్రి ఏడు దాటాక ఇంట్లో పెద్ద లైట్లు తగ్గించండి. పగటి నిద్రని మూడు గంటల నుంచి అరగంటకి తగ్గించాలి, అదీ రెండు గంటల లోపే అయిపోవాలి. మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది, కళ్ళు మూసుకుపోతాయి, అప్పుడు కూర్చోకుండా ఇంట్లోనే నాలుగు అడుగులు వేయండి.

దీపాలు పెట్టాక ఆడది పడుకుంటే ఇంటికి మంచిది కాదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటారు. ఎనిమిదిన్నర సంధ్యవేళ కాదని మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, వినకపోతే ఈ సమాధానం చదివి వినిపించండి. ఇంట్లో అందరూ తిన్నాకే నేను పడుకుంటాను అన్న అలవాటు కనీసం ఈ ఏడాది పక్కన పెట్టాలి. వండి మూత పెట్టిన అన్నం మగవాళ్ళు, పిల్లలు వడ్డించుకోగలరు. కడుపులో ముప్పాతిక భాగం తీయించుకున్న మనిషి నిద్రకంటే ఒక పూట వడ్డన ఎక్కువ కాదు.

తిండి వేళ కూడా దీనితోపాటే జరగాలి. మీరు రాయలేదు గానీ, పదకొండుకి పడుకునే ఇంట్లో రాత్రి తిండి తొమ్మిదిన్నరకో పదికో అవుతుంది, ఆ వెంటనే పడుకుంటే గొంతులోకి పుల్లగా రాక ఏమవుతుంది? స్లీవ్ తర్వాత కడుపు సన్నటి గొట్టంలా మారి లోపల ఒత్తిడి పెరుగుతుంది, కొందరికి పులుపు పైకి తన్నడం కొత్తగా మొదలవుతుంది, ముందే ఉన్నవాళ్ళకి పెరగొచ్చు. చివరి భోజనం సాయంత్రం ఐదున్నర ఆరు మధ్య ముగించండి, పడుకోవడానికి రెండు మూడు గంటల ఎడం ఉండాలి. దిండు మీద దిండు వేస్తే మెడ, పొట్ట వంగి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, దానికంటే మంచం తలవైపు రెండు కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు చెక్కదిమ్మలు పెట్టించండి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే పులుపు తక్కువ వస్తుంది. మధ్యలో కుంగిపోయే నవారు మంచం అయితే కొన్నాళ్ళు మానేయండి. ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే సర్జన్‌కి చెప్పండి, గ్యాస్ మాత్ర పొద్దున్న పరగడుపున వేసుకుంటున్నారో లేదో కూడా అప్పుడు చూస్తారు.

మధ్యాహ్నం భోజనాన్ని కొట్టు మూసి, గిన్నెలు కడిగి, మూడింటికి తినకండి. స్పెయిన్‌లో ఈ ఆపరేషన్లు అయిన 270 మందిని ఆరేళ్ళు గమనించి 2016లో రాసిన పరిశోధనలో, బరువు సరిగా తగ్గనివాళ్ళలో మధ్యాహ్నం మూడు దాటాక తినేవాళ్ళు ఎక్కువగా కనిపించారు. ఆలస్యంగా తినడమే కారణమని దానితో తేల్చేయలేం, అయినా పన్నెండున్నరకి తినడం వల్ల మీకు పోయేదేమీ లేదు. ప్రతి పూటా ముందు ప్రోటీన్: ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, పెరుగు, ముద్దపప్పు, మెత్తగా ఉడికిన కీమా, మీ డాక్టర్ చెప్పిన ప్రోటీన్ పొడి. రోజుకి కనీసం 60 గ్రాములు అందాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ దాంతో కడుపు నింపేసుకుంటే ప్రోటీన్‌కి చోటుండదు. ఇడ్లీ కూడా అంతే. పూరీ, గారె, బజ్జీ రుచి చూడటం కూడా వద్దు, కొట్టులో ఉండేవాళ్ళకి ఇదే పెద్ద పరీక్ష, చట్నీలో ఉప్పు చూసే పని వేరేవాళ్ళకి ఇచ్చేయండి.

నీళ్ళు రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు. గటగటా తాగలేరు కాబట్టి లేచిన దగ్గర నుంచీ సీసా పక్కనే పెట్టుకుని గుక్క గుక్కగా తాగాలి, భోజనంతో కాదు, తిన్న అరగంట తర్వాత. పగలు తాగక రాత్రి ఏడు తర్వాత ఆ లోటు తీర్చుకుంటే బాత్రూమ్‌కి రెండుసార్లు లేవాలి. టీ మధ్యాహ్నం పన్నెండు తర్వాత వద్దు, దాని ప్రభావం ఒంట్లో చాలా గంటలు ఉంటుంది, ఐరన్ మాత్రతో తాగితే ఐరన్ కూడా ఒంటికి పట్టదు. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం పెట్టండి. ఈ మాత్రలు, బి12తో సహా, జీవితాంతం వాడాల్సినవే, బాగున్నాను కదా అని ఆపేయకూడదు.

నడుం నొప్పికో కాళ్ళ నొప్పికో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. కడుపులో పుండు పడుతుంది, నీళ్ళు తక్కువ తాగే ఈ రోజుల్లో కిడ్నీకీ దెబ్బే, ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల సంగతి మన జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

గురక మెషిన్ ఈ రాత్రి నుంచే మళ్ళీ పెట్టుకోండి. మీ తోటికోడలి భయం ఆమెది ఒక్కరిదే కాదు, ఒకప్పుడు డాక్టర్లకీ ఉండేది, తర్వాత చూస్తే ఆ మెషిన్ వాడినవాళ్ళలో కుట్లు ఎక్కువ విడిపోయినట్టు కనిపించలేదు. మీరు ఆరు వారాలు కూడా దాటారు. గురక వినిపించడం తగ్గిందంటే ఊపిరి ఆగడం తగ్గిందని కాదు, ఇంట్లోవాళ్ళ చెవులతో అది తెలియదు, మళ్ళీ నిద్ర పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష సాధారణంగా బరువు బాగా తగ్గాక, కొన్ని నెలలకి చేస్తారు. ఈలోగా మొహం సన్నబడి మాస్క్ వదులైతే గాలి పక్కల నుంచి పోతుంది, బరువు తగ్గేకొద్దీ మెషిన్ గాలి ఒత్తిడి కూడా తగ్గించాల్సి రావచ్చు. మెషిన్ ఇచ్చినవాళ్ళని పిలిచి సరిచేయించుకోండి. పగటి తూగులో సగం ఈ మెషిన్ ఆపడం వల్లే అని నా గట్టి అనుమానం.

కొట్టు విషయం. మీ సర్జన్ చూసి సరే అంటే ముందు గల్లాపెట్టె దగ్గర, రెండు మూడు గంటలు, కూర్చుని. పిండి డబ్బాలు, గ్యాస్ బండ, సాంబారు గిన్నె ఎత్తడం ఆయన ప్రత్యేకంగా అనుమతి ఇచ్చేదాకా వద్దు, కోసిన చోట్ల లోపలి పొరలు గట్టిపడాలి. పొయ్యి దగ్గర వేడికి నిలబడే పని అన్నిటికంటే చివర మొదలుపెట్టండి, నీళ్ళు తాగలేని మనిషికి ఆ చెమట చాలా చేటు.

ఒక మాట మీ ఆయన కూడా చదవాలి. కూర్చుని ఉన్నా గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటున్నా, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, మలం నల్లగా వచ్చినా 108కి ఫోన్ చేసి ముందు శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి (రిమ్స్) వెళ్ళిపోండి, వైజాగ్ డాక్టర్‌కి దారిలో ఫోన్ చేయొచ్చు. ఒకరోజంతా నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు అవుతున్నా ఇంట్లో ఉండకూడదు. అప్పుడు నీరసం అని వీధి చివర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేసుకోవద్దు. వాంతుల వల్ల బి1 విటమిన్ అడుగంటిపోయి ఉండొచ్చు, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి హాని జరగవచ్చు. 'బరువు ఆపరేషన్ అయింది, ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి' అని మీరే చెప్పాలి. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, నడిస్తే తూలడం ఉంటే ఇంకా తొందర.

రథసప్తమి. అర్ధరాత్రి నుంచే అరసవల్లి దారి నిండిపోతుంది, ఆ ఒక్క రాత్రి బేరం మీకెంతో నాకు అర్థమవుతుంది, వద్దనడానికి మనసొప్పడం లేదు. అయినా ఈ ఏడాది రాత్రంతా మీరు నిలబడొద్దు. ఆ రాత్రికి ఇంకొక మనిషిని కూలికి పెట్టుకోండి, మీరు మామూలుగా ఎనిమిదిన్నరకి మెషిన్ పెట్టుకుని పడుకుని, నాలుగింటికి లేచి, ఏదైనా తిని, సర్జన్ ఒప్పుకుని ఉంటే గల్లాపెట్టె దగ్గర కూర్చోండి. అప్పటిదాకా ఒక నోటుబుక్కులో పడుకున్న వేళ, లేచిన వేళ, తిన్న వేళ, అర్ధరాత్రి షుగర్ అంకె, మెషిన్ పెట్టుకున్నారో లేదో రాస్తూ ఉండండి. వైజాగ్ వెళ్ళేటప్పుడు అన్ని మాత్రల అట్టలతోపాటు దాన్ని తీసుకెళ్ళండి, వీలైతే నాకూ రాయండి.